తొమ్మిదిని దించండి

‘ఫిర్యాదు ఎవరిదైనా సరే, మూడు రోజుల్లో, పద్నాలుగు మందీ చూసేలా, కారణంతో సహా జవాబిస్తాను.’

ఈ మాట ఎవరిది బావా? నాది కాదు. నేను చదివే ఏ పుస్తకంలోదీ కాదు. మన ఫాంటసీ లీగు పెట్టిన రోజు ఇదే షెడ్డులో, ఇదే బల్ల మీద చెయ్యి వేసి నువ్వన్న మాట. ఏడో నిబంధన. నీ చేతిరాతలోనే ఆ ఫ్యూజుల బీరువా తలుపుకి అంటించి ఉంది. తల తిప్పితే కనిపిస్తుంది. తిప్పవు కదా!

సరే, తిప్పకు. ఆ లిఫ్టు బ్రేకు షూ తుడుచుకుంటూ కూర్చో. చెవులు ఖాళీగానే ఉన్నాయిగా, నేను మాట్లాడతాను.

ఇవాళ గురువారం. నా ఫిర్యాదు నీ చేతిలో పెట్టి పది రోజులైంది. మూడు రోజులన్నావు, పది! నాలుగు పేజీలు కూర్చుని రాశాను...

ఏంటీ? జవాబిచ్చేశావా? ఎప్పుడు? ఓహో, అదా! గ్రూపులో పడేసిన ఆ రెండు ముక్కలా? ‘చీటీలో ఉన్నదే చేశాను, ఫలితం మారదు. ఓడాక మాట మార్చడం పెద్దరికం కాదు.’ అంతేగా? అది నా ఫిర్యాదుకి ముందు రాసింది. నా ఫిర్యాదు దాని మీదే! తీర్పు తప్పని మొత్తుకుంటుంటే మళ్ళీ అదే తీర్పు చూపిస్తావేం? నిరంకుశుడికి కిరీటాలూ కత్తులూ అక్కర్లేదు బావా, ఒక గ్రూపుకి అడ్మిన్ అయితే చాలు.

నవ్వు, నవ్వు. ‘నాయకుడొచ్చాడు, కుర్చీ వెయ్యండి’ అని నిన్న క్యాంటీన్‌లో అన్నావట. వెల్డరు చెప్పాడులే. నాకేం కోపం లేదు. ప్రశ్నించేవాణ్ణి వెక్కిరించడం అధికారానికి ఉన్న పాత అలవాటే.

ఆటంటావా? ఆటే, కాదన్నానా? ఎక్కడో ఆడే ఫుట్‌బాల్ ఆటగాళ్ళని మనం కాగితం మీద పంచుకుని, వాళ్ళు గోల్ కొడితే మనకి పాయింట్లు వేసుకునే ఆట. జట్టుకి పదిహేను మంది. పదకొండు మంది ఆటలో, నలుగురు బెంచీ మీద. లిఫ్టులు బాగుచేసుకునే పద్నాలుగు మందికి దీని మీద ఇంత గొడవెందుకురా అని అక్క కూడా అంది. నేనొకటే చెప్పాను. పద్నాలుగు మంది దగ్గర నిజాయితీగా ఉండలేనివాళ్ళకి ప్రజల గురించి మాట్లాడే హక్కు లేదే అని.

అక్క ఏమందా? ‘ముందు అన్నం తిను’ అంది.

మాట మార్చకు. బ్రేకు తాత సంగతి చెప్పు.

లిఫ్టు తలుపుకి చెవి ఆనించి, దేనికి బ్రేకు అరిగిందో చెప్పేసే మనిషి. నాకు స్పానరు పట్టుకోవడం నేర్పిందే ఆయన. రిటైరై నాలుగేళ్ళైనా షెడ్డు తాళంచెవి ఒకటి ఆయన దగ్గరే ఉంచాం. ఎందుకు? ప్రతి శనివారం పొద్దునే వచ్చి, జట్టులో మార్పులు చీటీ మీద రాసి, కౌంటరు మీది డబ్బాలో వేసి, మధ్యాహ్నం మనతో కూర్చుని మ్యాచ్ చూసి వెళ్ళేవాడు. వారానికి ఆయన మనిషి మొహం చూసేది ఆ ఒక్క పూటే. ఫోన్ మీద నొక్కడం ఆయనకి రాదు. ఆయన రాస్తాడు, నువ్వు ఫోన్‌లో ఎక్కిస్తావు. అదీ ఒప్పందం.

ఎనిమిదో తారీఖు చీటీలో ఏముంది? ‘తొమ్మిదిని దించండి.’ రెండే ముక్కలు.

నువ్వేం చేశావు? తొమ్మిదో నంబరు ఆటగాణ్ణి జట్టులోంచే తీసిపారేశావు!

ఆ తొమ్మిదిని ఆయన ఎన్ని వారాలు మోశాడో తెలుసా? ఏడు వారాలు. మోకాలు దెబ్బతిని కూర్చున్నవాణ్ణి, ఏడు వారాలు బెంచీ మీద పెట్టుకున్నాడు. ‘తాతా, ఆ కుంటిగుర్రాన్ని ఇంకెన్నాళ్ళు మేపుతావు’ అని మనమందరం ఏడిపించాం. ‘మోకాలేమన్నా బ్రేకు లైనింగా, ఊడదీసి కొత్తది వెయ్యడానికి? మానుతుంది, ఆగండ్రా’ అనేవాడు. అలాంటి మనిషి, వాడు కోలుకుని మైదానంలోకి తిరిగొస్తున్న రోజునే వాణ్ణి తీసెయ్యమంటాడా?

మూడు గోల్స్ కొట్టాడు వాడు. మూడు! మన టీవీ ముందే. తాత కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, తన తొమ్మిదే కదా అని. నువ్వు పాయింట్లు చదివేదాకా కొడుతూనే ఉన్నాడు.

పన్నెండు వారాల లీగులో అది ఆఖరి వారం. గెలిస్తే చివరి నలుగురిలోకి, ఓడితే ఇంటికి. ఆయనకి యాభై ఎనిమిది పాయింట్లు. ఎదుటి జట్టుకి అరవై ఒకటి.

అవును, ఎదుటి జట్టు నాదే. దాచానా? ఫిర్యాదులో మొదటి వాక్యమే అది కదా! ‘ఈ తప్పు వల్ల లాభపడింది నేనే అయినా’ అని రాశాను. గెలిచినవాడే ఓడినవాడి పక్కన నిలబడ్డాడని వెల్డరు నా భుజం తట్టాడు. స్టోర్సు మేడమ్ ఆ వాక్యం ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. నువ్వొక్కడివే చూడనట్టు ఊరుకున్నావు.

పాయింట్లు పోతే పోనీ బావా. ‘ఓడాక మాట మార్చడం’ అన్నావు చూడు, అదీ! పాపం ఆయనేమన్నాడు? ‘నేను ఆడించమనే రాశాను’ అన్నాడు, అంతే కదా. ఆయన ‘సరే, ఎక్కు’ అంటే ఆ లిఫ్టు ఎక్కేవాళ్ళం, ఇంకెవరినీ అడిగేవాళ్ళం కాదు. నలభై ఏళ్ళపాటు ఈ ఊరి జనం ఆ మనిషి మాట మీద పైకీ కిందకీ తిరిగారు. అలాంటి మనిషిని అందరి ముందూ అబద్ధాలకోరన్నావు.

ఆయనకి గ్రూపు కనిపించదుగా. నువ్వు రాసింది కౌంటరు దగ్గర నేనే చదివి వినిపించాను. మర్నాడు డబ్బా తెరిస్తే అందులో తాళంచెవి ఉంది. చీటీ లేదు. ఉత్త తాళంచెవి.

మొన్న ఇంటికి వెళ్ళాను. తలుపు సగమే తీశాడు. ‘ఏరా, చెప్పు’ అన్నాడు. లోపలికి రమ్మనలేదు. నేను మాట్లాడుతున్నంతసేపూ నా బూట్ల లేసులు చూస్తూ నిలబడ్డాడు. మా తాతే అయినా అంత బాధ పడేవాణ్ణి కాదేమో.

మళ్ళీ అదే అంటావేం? ‘దించడమంటే తియ్యడమే’ అట! ఎవరి భాషలో? నువ్వు ప్యానెల్ మనిషివి. వైర్లూ స్విచ్చులూ నీ లోకం. లిఫ్టు తిరిగే ఆ నిలువు చీకట్లోకి, షాఫ్టులోకి దిగినవాళ్ళ భాష వేరు. ‘మనిషిని దించు’ అంటే పనిలోకి పంపమని. ‘మనిషిని తియ్యి’ అంటే పైకి లాగెయ్యమని. తాత నోట ఈ రెండూ ఒక్కనాడు తారుమారు కాలేదు. తారుమారైతే మనిషి చస్తాడు బావా! మూడేళ్ళు ఆయన కింద పనిచేశాను, వెయ్యిసార్లు విన్నాను. ‘వాణ్ణి దించు’ అని ఆయనంటే, దిగేవాణ్ణి నేనే. తొమ్మిదిని దించండి అంటే తొమ్మిదిని ఆటలోకి పంపండని. షాఫ్టులో ఒక్క పూట పనిచేసిన ఎవడికైనా తెలుస్తుంది!

ఏమన్నావు?

మళ్ళీ అను.

ఊఁ. అవును. అడిగావు. నన్నే అడిగావు.

ఆ శనివారం నేను మూడో అంతస్తు దగ్గర లిఫ్టు పైకప్పు మీదున్నాను. నువ్వు కింద, ఒక చేతిలో చీటీ, ఇంకో చేతిలో ఫోన్. జట్ల మార్పులకి గడువు ముగియడానికి నాలుగు నిమిషాలుంది. ‘ఒరేయ్, తాత తొమ్మిదిని దించమన్నాడు, ఆడించమనా, తీసెయ్యమనా?’ అని అరిచావు. షాఫ్టులో గొంతు ఎలా మోగుతుందో తెలుసుగా. ప్రతి అక్షరం వినిపించింది. ‘తీసెయ్యమనే’ అన్నాను.

పొరపాటు పడ్డావేమో అంటావా? నాకు నువ్వే దారి చూపిస్తున్నావు చూడు! వద్దు బావా. వెయ్యిసార్లు విన్నానని ఇప్పుడే కదా గొంతు చించుకున్నాను. ఒక్క క్షణం ఆలోచించి మరీ చెప్పాను. తొమ్మిది దిగితే నేను ఓడిపోతానేమోనని భయం. ఐదేళ్ళుగా ఆడుతున్నా ఒక్కసారి కూడా చివరి నలుగురిలోకి రాలేదు. అంతే. చెప్పుకోవడానికి ఇంతకంటే పెద్ద కారణం కూడా లేదు.

అందుకే నాలుగు పేజీలు రాశాను. నీ మీద రాస్తున్నంతసేపూ నా గురించి కాదన్నట్టు హాయిగా ఉంది. జవాబుదారీతనం అని పదకొండు చోట్ల రాశాను, లెక్కపెట్టుకో. నువ్వడిగింది నన్నేనని మాత్రం ఒక్క చోటా రాయలేదు.

నువ్వూ రాయలేదు. ఎందుకు బావా? ‘చీటీలో ఉన్నదే చేశాను’ అని నీ నెత్తినే వేసుకున్నావు. పెళ్ళాం తమ్ముణ్ణనేగా? ఆ తొమ్మిది మూడో గోల్ కొట్టినప్పుడే నీకు నా మీద అనుమానం వచ్చింది కదా? చెప్పు!

చెప్పక్కర్లేదులే. తుడవడం ఆపేశావు.

నన్ను వెనకేసుకురావడానికి ఆయన్ని అబద్ధాలకోరుని చేశావు. ఇద్దరం కలిసి చేశాం.

నేనే గ్రూపులో రాసెయ్యొచ్చు, నిజమే. మూడుసార్లు రాశాను. మూడుసార్లూ చెరిపాను. లోకంలోని అన్యాయాలన్నిటి మీదా నా దగ్గర మాటలున్నాయి, ఇక్కడికొచ్చేసరికి వేలు కదలదు. పోనీ రాసినా ఏమంటారు? ‘తాత మీద జాలితో తన మీద వేసుకున్నాడు, ఎంత మంచి కుర్రాడో’ అంటారు. వెల్డరు ఇంకోసారి భుజం తడతాడు. నాకొద్దు.

అడ్మిన్‌వి నువ్వు. నువ్వు రాస్తేనే అది తీర్పు. నేను తెలిసే తప్పు చెప్పానని రాయి, ‘తెలిసే’ అన్న మాట మింగెయ్యకు. నన్ను చివరి నలుగురిలోంచి తీసేసి ఆయన్ని పెట్టు. ఆయన మాట మార్చాడన్నది వెనక్కి తీసుకో. ఆ కాగితం నేనే పట్టుకెళ్ళి ఆయన ముందు నిలబడి చదువుతాను. మొహం మీద తలుపేస్తే వేస్తాడు.

అక్కకి నేను చెప్పుకుంటాను, నువ్వు మధ్యలోకి రాకు.

శనివారం చివరి నలుగురి ఆట మొదలవకముందే, పొద్దున పదింటి లోపు కావాలి బావా. ‘చూద్దాంలే’ అన్నావో ఊరుకోను. నవంబరు ఇరవై రెండు.