రుక్మిణమ్మ గారు నీళ్ళు పొర్లించిన పరీక్ష
— వైకుంఠం, అటెండరు

మూసీకి వరద వచ్చిన ఏడు, అనగా పందొమ్మిది వందల డెబ్బై, సెప్టెంబరు ఒకటో తారీఖున, చెప్పుల నిండా బురదతో శ్రీమతి రుక్మిణమ్మ గారు ఫలక్‌నుమాలోని మన ధర్మాసుపత్రిలో చీటీలు రాసే గుమాస్తాగా ప్రవేశించారు. అప్పటికి వారి వయస్సు ముప్పై ఆరు.

కుర్చీలో నిలకడగా కూర్చోవడం వారికి ఆనాడూ తెలియదు, ఈనాడూ తెలియదు. మాటలు రాని పిల్లలను తల్లులు తీసుకొని వస్తే, చీటీ మీద ‘మాట రాదు’ అని రాసి పంపించడమే వారి విధి. ఆ తరువాత ఆ పిల్లలకు చేసే వైద్యం మన వద్ద లేదు. నాలుగేళ్ళు ఆ రెండు మాటలే రాసి రాసి, ఒకనాడు కలం బల్ల మీద పడేసి, “గిది రాసుడు ఇగ నాతోని కాదు” అన్నారు.

నలభయ్యో ఏట, జీతం లేని సెలవు మీద, విశ్వవిద్యాలయంలో వాక్చికిత్స పట్టా చదువులో చేరారు. తొలిరోజున తరగతి పిల్లలు వారిని పంతులమ్మ అనుకొని లేచి నిలబడ్డారట. సెలవు మూడేళ్ళే, పరీక్ష తప్పితే చదువూ ఉండదు, గుమాస్తా కొలువూ ఉండదని ఆసుపత్రి వారు కాగితం ఇచ్చారు.

డెబ్బై ఏడులో ఆఖరి ప్రయోగ పరీక్ష మన ఆసుపత్రిలోనే జరిగింది. జహనుమా నుంచి పాలమ్మే బాలమ్మ, పాలు పోసి వస్తూ, తన అయిదేళ్ళ బిడ్డ సక్కును తీసుకువచ్చింది. అచ్చు బొమ్మల అట్టలు చూపి పిల్ల చేత మాట్లాడించాలి. ఓడ, జిరాఫీ, మంచుబొమ్మ. సక్కు నోరు తెరవలేదు.

“ఇంట్ల మస్తు లొల్లి చేస్తది మేడం, గీడికొస్తెనే బెల్లంకొట్టిన రాయి!” అని బాలమ్మ మొత్తుకుంది.

బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి గడియారం చూసి, “మాట రాదని రాసెయ్యండి, అయిపోతుంది” అన్నారు.

ఆ మాట వినగానే రుక్మిణమ్మ గారు కుర్చీ వెనక్కి తోసి లేచారు. గదిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగారు. బాలమ్మ చేతిలోని పాల కొలత లాక్కొని బల్ల మీద పెట్టి, కూజా నీళ్ళు పోయసాగారు. కొలత నిండింది. చెయ్యి ఆగలేదు.

“ఆపు! గంత పోస్తరా? కింద పోతున్నయ్! మా బాపు జూస్తె తిడ్తడు!” అని సక్కు కేక వేసింది. పలుకులో తడబాటు ఉన్నా, మాటలన్నీ ఉన్నాయి.

“ఎన్ని మాటలు లెక్కకు వచ్చాయి?” అన్నారు అధికారి, తడిసిన చొక్కా దులుపుకుంటూ.

“మీ కాయితాలు ఆరినంక చెప్త సార్.”

ఆ కాగితాలు ఎండలో ఆరబెట్టింది అటెండరు వైకుంఠం. ఫలితం రావడానికి నలభై రోజులు పట్టింది. అత్తెసరు మార్కులతో గట్టెక్కారు. నాటి నుంచి ఈ ఎనభై తొమ్మిది వరకు, పన్నెండేళ్ళు, మన వాక్చికిత్స విభాగాన్ని వారే నిలబెట్టారు.

ఈ వీడ్కోలు నాడు, ఇకనైనా కాసేపు కూర్చోండని వారిని కోరడం లేదు, కోరినా వినరు. ఆ కాళ్ళకు నొప్పి రాకుండా, ఆయురారోగ్యాలతో నూరేళ్ళూ తిరుగుతూనే ఉండాలని మా అందరి ఆకాంక్ష.

పరీక్ష మరునాటి సంగతి ఒకటి మిగిలింది. తప్పారో నెగ్గారో తెలియకుండానే, పొద్దున్నే జహనుమా వెళ్ళి, బాలమ్మ దగ్గర ఒక సొట్టపడిన పాత కొలత అడిగి తెచ్చారు. పరీక్ష జరిగిన గదిలోని గాజు బీరువాలోంచి ఓడ బొమ్మ అట్ట తీసేసి, ఆ కొలతను అక్కడ పెట్టారు.