బావి లోపలి కొలిమి

నా పేరు పీరాసాబ్. తండ్రి మాబాషా. వయసు నలభై దాటింది. బావులు తవ్వి బతుకుతాను. మాది కళ్యాణదుర్గం తాలూకాలో ఒక పల్లె. కమ్మరి సోమప్పను చంపి మా ఊరి రైతు నారాయణప్ప బావిలో పూడ్చానని నన్ను పట్టుకొచ్చారు. మేజిస్ట్రేటు దొరవారు అడిగిన మీదట, ఎవరి బలవంతమూ లేకుండా జరిగింది చెబుతున్నాను.

ఇది 1953 మే నెల మాట. వానలు లేక మా ఊళ్ళో దున్నడానికి మడక కట్టినవాడు లేడు. కర్రు సరిచేయమని సోమప్ప దగ్గరికి వచ్చేవాడూ లేడు. కొలిమి ఆరిపోయి, అతను నాతో బావి పనికి వచ్చాడు.

ఆ రోజు రాతిలో తూటా పేల్చి, పొగ పోయాక ఇద్దరం దిగాం. మధ్యాహ్నం కావస్తోంది. పక్క గోడలో మనిషి దూరేంత సందు పడి ఉంది. అందులోంచి వేడిగాలి వస్తోంది.

"అన్నా, ఇది కొలిమి వాసన," అన్నాడు సోమప్ప. వద్దన్నా వినలేదు. అతన్ని ఒక్కణ్ణే వదల్లేక నేనూ దూరాను.

లోపల ఊరుంది దొరా. మనుషులు నా మొల ఎత్తు కూడా లేరు. రాతిలో తొలిచిన ఇళ్ళ వాకిళ్ళన్నీ నడుమనున్న ఒకే కొలిమి వైపు తిరిగి ఉన్నాయి. ఊరికంతటికీ వెలుతురు దానిదే. ఒక బాలింత కాల్చిన ఇనుము ముంచిన గోరువెచ్చటి నీళ్ళు బిడ్డకు పోస్తోంది. ఆ నిప్పు అప్పటికే సన్నగిల్లింది. పక్కన ఒక శవం, దాని తల మీద రాయి.

ఒక ముసలామె మా ముందుకొచ్చింది.

"మీరు పైన పేల్చినారు. రాయి ఊడి మా కమ్మరి మీద పడె. ఇంగ ఆ పని తెలిసినోడు మాకు ల్యాడు. ఈ నిప్పు ముందరే మాకు పెండ్లిండ్లు. తగువు పడినోళ్ళు కల్సి తిత్తి ఊదేది ఈడే. సచ్చినోన్ని సాగనంపేది ఈడే. ఇది ఆరితే ఒకరికొకరు కానరాకుండా చీకట్లో సచ్చిపోతాం."

ఆ పొట్టి మనుషులు మేం వచ్చిన సందుకు అడ్డంగా సుత్తులు పట్టుకుని నిలబడ్డారు. ఒక్కరూ అరవలేదు. అరిచి ఉంటే అంత భయం వేసేది కాదు.

సోమప్ప శవాన్ని పక్కకు జరిపి తిత్తి తాడు పట్టుకున్నాడు. ఊపగా ఊపగా మంట లేచింది. వాకిళ్ళలో ముఖాలు ఒక్కొక్కటే కనబడ్డాయి.

"పా, పోదాం," అన్నాను.

"నేను రానన్నా. పైన నా సుత్తి ఎవురికి కావల్ల? ఈడ నేను కదిలితే ఊరంతా పోతాది."

"కదిరమ్మకు ఏం జెప్పేదప్పా?"

పెళ్ళాం పేరు వినగానే అతని చేయి ఆగింది. మంట తగ్గింది. మళ్ళీ ఊపాడు.

"బతికే ఉండాడని జెప్పు. నువ్వు పొయ్యి ఆ సందు మూసెయ్. ఇంగోసారి పేల్చితే ఈ ఊరి మీద కప్పంతా కూల్తాది."

వాళ్ళు నాకు దారి వదిలారు. బయటికొచ్చి గడ్డపారతో రాళ్ళు పడదోసి సందు మూశాను. రాళ్ళ అవతల సుత్తి దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి.

కదిరమ్మకు చెప్పాను. "నా మొగుణ్ణి రాళ్ళ కింద పెట్టి బతికుండాడంటావా?" అని నా మొహాన ఉమ్మి, నేరుగా స్టేషనుకు పోయింది. ఆమెను తప్పుపట్టను.

ఇప్పుడు శవం కోసం బావి గోడలు పేలుస్తామని పోలీసులు అంటున్నారు. పేలిస్తే లోపలి ఊరంతా పోతుంది. ఉరి అంటే భయమే దొరా. ఇది అంతకన్నా పెద్ద భయం.

నేను చెప్పింది నిజం. నమ్మకం కుదరకపోతే సోమప్పను నేనే చంపానని రాసుకోండి. శవాన్ని పెన్నేటి ఇసుకలో పూడ్చానని రాసుకోండి. ఆ అబద్ధానికి కూడా వేలిముద్ర వేస్తాను. బావిలో మాత్రం తూటా పెట్టొద్దు.

రాసింది చదివి వినిపించారు. నా నోట వచ్చిన మాటలే ఉన్నాయి.

పీరాసాబ్, ఎడమ బొటనవేలి ముద్ర.