టీవీలో కనబడ్డ వీపు

కంటి ఆపరేషనయి నల్లద్దాలతో కూర్చున్న చర్చి పాటల మాస్టారు. పక్కన భార్య. ఎదురుగా టీవీలో వాళ్ళ చర్చి ఆదివారం ఆరాధన.

“సౌండు పెంచు. పెంచితే గాని ఎంత ఘోరమో తెలీదు.”

“డాక్టరు టీవీ చూడొద్దన్నాడు.”

“చూస్తున్నానా? వింటున్నా. చూసే పని నీది. ఇదవగానే పాస్టరయ్యగారు ఫోన్ చేస్తారు. మీ అక్క కొడుకుని నా చోట ఉంచాలా, తీసెయ్యాలా అన్నది నా మాట మీదే ఉంది.”

“మీ దగ్గర నేర్చుకున్నవాడే కదండీ. ఇవాళ పాడించాలని రాత్రంతా నిద్రే పోలేదట, మా అక్క చెప్పింది. కాస్త దయ చూపించండి.”

“దయ దేవుడు చూపిస్తాడు. నేను శ్రుతి చూస్తా. అదిగో, ఆ ఆడపిల్లలు పాడుతున్నారా, బస్సు వెళ్ళిపోతుంటే కేకలేస్తున్నారా?”

“నాకు బాగానే ఉంది.”

“నీకు కుక్కరు కూసినా బాగానే ఉంటుంది. మగ గొంతులేవి?”

“నోళ్ళయితే కదులుతున్నాయి.”

“ఆవలిస్తున్నారేమో.”

“ఎంతసేపూ వాళ్ళ ముందు నిలబడి విన్నారే గాని, ఇలా ఇంట్లో కూర్చుని ఎప్పుడైనా విన్నారా? టీవీలో ఇలాగే వస్తుందేమో.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మధ్యలో టీవీ ఏం చేసింది?”

“కళ్ళు బాగయ్యేలోపు మీ చోటు పోతుందని భయం మీకు. అది చెప్పరు.”

“మీవాడేం చేస్తున్నాడో చెప్పు.”

“వీపే కనబడుతోంది. మీ తెల్లంగీ వేసుకుని చేతులూపుతున్నాడు.”

“ఎలా?”

“రెండు చేతులూ... గబగబా.”

“ఈగలు తోలుతున్నాడన్నమాట.”

“ఇప్పుడెవరికో వేలు చూపించి బెదిరించాడు.”

“నిన్నగాక మొన్న వచ్చాడు, అప్పుడే బెదిరింపులా? పొగరు.”

“ఏమండీ.”

“ఊఁ.”

“వీడికి నడినెత్తిన బట్టతల ఎప్పుడొచ్చిందండీ?”

“మీ వంశంలో అన్నీ తొందరే. ఉష్, చివరి ఆమేన్. నోరు మూసుకుని తేల్చాలి, చంటిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు... ఛ. దోమల గుంపు.”

“ఆ నోరు మూసుకునే ఆమేన్ మీరు కనిపెట్టిందేగా?”

“నేను నేర్పింది రాగం. ఇది మూలుగు.”

“ఏమండీ, ఒక్క నిమిషం ఆగండి, నాకేదో...”

“ఆగేదేం లేదు. ఫోన్ మోగుతోంది, స్పీకర్లో పెట్టు. వందనాలండీ అయ్యగారూ.”

“వందనాలు మాస్టారూ. కళ్ళెలా ఉన్నాయి?”

“కళ్ళకేం, బాగానే ఉన్నాయి. ఇవాళ విన్నదానికి చెవులకి చేయించుకోవాలి ఆపరేషన్. నా మాట ఒక్కటేనండీ. ఇప్పుడు టీవీలో చేతులూపినవాణ్ణి మళ్ళీ ఆ మెట్టు ఎక్కనివ్వకండి.”

“టీవీలోనా? అది చెబుదామనే చేశానండీ. ఇక్కడ కరెంటు పోయి మన ప్రసారం అసలు వెళ్ళనే లేదు. టీవీవాళ్ళు మన పోయినేడాది ఆరాధన వేసేశారట.”

“పోయినేడాదిదా?”

“అవునండీ. ఇంతకీ ఎవర్ని ఎక్కనివ్వొద్దన్నారు?”

“ఏమే... ఈయనేదో అంటున్నారు.”

“విన్నాను. నేనూ ఇందాకట్నుంచి అదే అనుకుంటున్నా, ఆ బట్టతల ఎక్కడో చూశానే అని. రోజూ దానికి నూనె రాసేది నేనే కదా.”