రత్నమాణిక్యం అక్క కాచిన చైనా కషాయం

ఒట్టేసి చెబుతున్నా పావనీ, ఇందులో ఒక్క ముక్క అబద్ధం ఉన్నా ఈ లేసు సూది నా చేతిలోనే విరిగిపోవాలి. మా తోడికోడలు రత్నమాణిక్యం అక్కకి వచ్చిందీ మీ నాన్నకి వచ్చిన జబ్బే, కాలేయంలో క్యాన్సరు. నువ్వప్పటికి పుట్టలేదులే. చైనా మందు తాగే బతికిందటగా, కనుక్కు రమ్మని మీ అమ్మ వీరవేణి పంపిందా? కూర్చో మరి. అక్క లేసు కుడుతుంటే చూసి సాలీళ్లు సిగ్గుపడి మా వీధి ఖాళీ చేసి పోయాయి. అలాంటి మనిషి మంచం పట్టేసరికి, లేసు ఎగుమతి చేసే శశిభూషణ్ గారు చైనా వెళ్లినప్పుడు మూటెడు మందు తెచ్చారు. ఏవో వేళ్లు, బెరళ్లు, ఎండు పుట్టగొడుగులు, కీచురాళ్ల డొల్లలు. మట్టికుండలో సగానికి మరిగించి తాగాలిట. "ఖాయంగా తగ్గిపోతుందండి, నాదీ పూచీ" అన్నారాయన. కాచిన రోజు ఆ కంపుకి నరసాపురం కాకులన్నీ రేవులో పంటు పడవెక్కి గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్లిపోయాయి, టిక్కెట్టు కొనుక్కుని మరీ. చేదంటావా, దాని ముందు వేపాకు పూతరేకు.

మరి మనిళ్లల్లో పరామర్శకి వచ్చినవాళ్లని ఉత్త నోటితో పంపించం కదా. అక్కేం చేసిందనుకున్నావ్, కాఫీ గ్లాసుల్లో ఆ కషాయమే పోసి ఇచ్చేది. అయ్యో పాపం అనడానికి నోరు తెరిచిన పక్కింటి సూర్యకళకి మళ్లీ ఆ నోరు మూయడానికి వారం పట్టింది. ప్రాణం నిలబెట్టే మందు ఊరికి పంచుతావా అని అక్క పెనిమిటి బంగార్రాజు బావగారు గోలెత్తిపోతే, అక్క నింపాదిగా, "రేపు నేను పోయాక, వాళ్లింట్లో ఏమీ ఇవ్వలేదని చెప్పుకోకూడదు కదండీ" అంది.

ఆఖరికి రాజమండ్రి పెద్ద డాక్టరుగారికీ ఫ్లాస్కులో పోసి పట్టుకెళ్లింది. నేనూ ఉన్నా పక్కనే. పాపం, మొహమాటానికి ఒక గుక్క తాగి, కళ్లజోడు తీసి తుడుచుకుని అన్నారు: "అమ్మా, ఇందులో ఏముందో తెచ్చినాయనకీ తెలీదు, నాకూ తెలీదు. మీ కాలేయం అసలే బలంగా లేదు. ఇంకొక్క చుక్క వద్దు." మరి మీ మందుతో నిలబడతానా అనడిగింది అక్క. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "మాటివ్వలేనమ్మా. చేయగలిగింది చేస్తాను" అన్నారు.

ఇంకొకళ్లైతే అక్కడే కూలబడేవాళ్లు. అక్క చీర కుచ్చిళ్లు సర్దుకుని, "మాటివ్వనన్నారు కాబట్టి మీ మందే తాగుతానండి" అంది.

ఆ తర్వాతెన్నాళ్లుందంటావా? నూరేళ్లని చెప్పాలనే ఉంది నాకు. రెండు మామిడి కాపులు చూసింది. అంతే. కూర్చోగలిగినన్నాళ్లు లేసు కుట్టింది. దీన్ని పెంచి చెప్పడానికి నాకు నోరు రాదు.

ఊఁ, లే మరి. ఈ మజ్జిగ తాగి వెళ్లు, ఉత్త నోటితో పోతావా. మీ అమ్మ ఫోన్లో తెప్పించిన ఆ చైనా మందు పొట్లం ఇంకా పొయ్యెక్కలేదు కదా? దాన్నీ, మీ నాన్న రిపోర్టుల్నీ ఒకే సంచిలో వేసి రేప్పొద్దున్నే ఆయన్ని చూస్తున్న డాక్టరుగారి బల్ల మీద పెట్టు.