మా బావ బండిలో కరెంటు

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు. సూపర్వైజర్ గారూ, మీరే చెప్పండి, పదేళ్లుగా ఈ టీ కొట్లో నన్ను చూస్తున్నారు. ఎప్పుడైనా కోతలు కోశానా?"

"ఈ రోజింకా మొదలెట్టలేదు," అన్నాడు టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ.

"నీ వెటకారానికేం గానీ, విను. అదిగో ఆ మూల ఒదిగి కూర్చున్నాడే మా అక్క మొగుడు, కాలేజీ తోటమాలి, పోయిన నెల ఆస్పత్రి నుంచి వచ్చాడా, వస్తూనే ఆ గడ్డి కోసే చిన్న ట్రాక్టరెక్కి తాళం తిప్పితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. సూపర్వైజర్ గారేమో సోమవారంలోగా గడ్డి కొయ్యకపోతే బండిని పాత సామాన్లోకీ, మనిషిని ఇంటికీ పంపేస్తానన్నారు. అన్నారా లేదా సార్?"

"అన్నాను. గడ్డైతే కోశాడు. కానీ జబ్బుపడి లేచిన మనిషి, ఇంకా ఉంచుకోవాలా వద్దా అన్నది రేపు ఆఫీసులో చెప్పాలి నేను."

"ఉంచక ఏం చేస్తారు సార్, వినండి ముందు. మా అక్క ఒకటే ఏడుపు. నేనా, మోటార్లు చుట్టే వైండింగ్ మేస్త్రిని, చూస్తూ ఊరుకుంటానా? బ్యాటరీ కొసలకి పచ్చగా చిలుం పట్టి ఉంటే వేణ్ణీళ్లు పోసి గీకాను. ఫ్యూజు మార్చాను. ఎలక కొరికిన తీగ అతికాను. తాళం తిప్పితే ఊహూఁ. రెండు రోజులకి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడేం చేశానో తెలుసా?"

"తీగ నాలిక మీద పెట్టుకుని చూసుంటావు. పోయిన వారం నీళ్ల పంపు కథలో అదే చేశావు," అన్నాడు టీ కొట్టాయన.

"అది పాత పద్ధతి. ఈసారి ఒక తీగ ఈ చేత్తో, ఇంకో తీగ ఆ చేత్తో పట్టుకుని నేనే తీగనైపోయాను! కరెంటు ఈ భుజమెక్కి ఆ భుజం దిగింది. బండి లైటు వెలిగింది. లైటేనా, కాలేజీ మెట్ల మీద బల్బులు వెలిగాయి, వీధి స్తంభాలు వెలిగాయి, సబ్‌స్టేషన్ వాళ్లు పరిగెత్తుకొచ్చి, మేస్త్రీ, కాస్త తగ్గించు, మా మీటర్లు పగిలిపోతున్నాయి అని బతిమాలారు!"

"పట్టపగలు వీధి లైట్లు వెలిగాయని ఎలా తెలిసిందయ్యా?"

"సూర్యుడు సిగ్గుపడి మబ్బు చాటుకెళ్లాడు సార్! ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండి స్టార్టయింది, ఆపితే ఆగదు. గడ్డంతా కోసి పారేసింది. సాయంత్రం ట్యాంకు మూత తీసి చూస్తే, పోసినదానికంటే రెండు లీటర్ల పెట్రోలు ఎక్కువుంది!"

"ఒరేయ్, ఇక చాలు," అన్నాడు తోటమాలి.

"నువ్వు టీ తాగు బావా. నీకెందుకు?" మేస్త్రి గొంతు మారింది.

తోటమాలి సూపర్వైజర్ వైపు తిరిగాడు. "బండిలో కరెంటుకేం కాలేదు సార్. సీటు కింద స్విచ్చుంటుంది, మనిషి బరువుకి అది నొక్కుకుంటేనే స్టార్టవుతుంది. జబ్బులో నేనెంత చిక్కిపోయానంటే, కూర్చున్నా అది నొక్కుకోలేదు. వీడు మూడు రోజులు పక్కన నిలబడే అన్నీ విప్పాడు. ఆఖరికి విసుగొచ్చి సీటు మీద కూలబడి తాళం తిప్పితే స్టార్టయింది. వీడు దిగి నేనెక్కితే, మళ్లీ లేదు. అప్పుడు నన్ను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తన చెప్పు కోసి, ఆ రబ్బరు ముక్క స్విచ్చు మీద ఇరికించాడు. అది మీకు తెలిస్తే నన్ను పంపేస్తారని భయం. అందుకే ఈ కోతలన్నీ."

మేస్త్రి తల దించుకున్నాడు. "సార్, మా బావ పనిమంతుడు," అన్నాడు.

"అయితే ఇప్పటికీ ఆ చెప్పు ముక్కతోనే నడుస్తోందా?" అడిగారు సూపర్వైజర్.

"లేదు సార్. ఇవాళ పొద్దున తీసి పారేశాను. నేను కూర్చుంటే చాలు, స్టార్టవుతోంది."