పిలాహి పెద్దమ్మ తొలిచిన రాళ్ళు

ఏవిటే ఆ డబ్బాలో గలగలమంటున్నవి? ఆఁ, లూలూ రాళ్ళు, ఇలా తే. మా పిలాహి పెద్దమ్మ చేసినవి. నువ్వెక్కడ చూశావులే ఆవిణ్ణి, మీ అమ్మే చూళ్ళేదు. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. హలావా లోయలో ఆవిడ పెట్టిన చామదుంప ముద్దకి వంక పెట్టినవాడు లేడు. పెడితే బతకనిస్తుందా మరి. సరే, ఎక్కడున్నాను... ఆఁ, ఆట. మా పెదనాన్న కైమీకి ఈ ఆటంటే ప్రాణం. ఒక్కో రాయికి ఒకవైపే చుక్కలు, ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు, అలా నాలుగు దాకా. నాలుగు రాళ్ళూ గుప్పిట్లో ఆడించి చాప మీద విసరాలి. చుక్కలున్న వైపు పైకి పడితే ఆ చుక్కలు నీవి. బోర్లా పడ్డవాటిని మాత్రం ఏరి ఇంకొక్కసారి విసురుతావు. నాలుగూ పైకి పడ్డాయనుకో, పది. అప్పుడు నాలుగూ మళ్ళీ నీ చేతికే వస్తాయి.

ఆయనకి మెల్లిమెల్లిగా చూపు పోయింది. అయినా సాయంత్రం మొగలాకు చాప పరిస్తే వచ్చి కూర్చునేవాడు. ఆయన విసరడం, ఎన్ని పడ్డా పెద్దమ్మ "పదయ్యా, మళ్ళీ పది" అనడం. ఓడితే ఎక్కడ కుమిలిపోతాడోనని ఆవిడ బెంగ. మేం నోరు తెరవబోతే కళ్ళతోనే కసిరేది. ఓ రోజు ఆయన విసరబోయి ఆగిపోయాడు. "పిలాహీ, నా చేతిలో ఎప్పుడూ నాలుగు రాళ్ళే పెడతావేం? ఒకటో రెండో పెట్టి ఎన్నాళ్ళయింది?" అన్నాడు. "కళ్ళు తీసుకుంది దేవుడు. వెధవని చేసింది మాత్రం నువ్వే" అన్నాడు. అంతే, ఆట మానేశాడు, ఆవిడతో మాటా మానేశాడు. పెట్టింది తినేవాడు, అటు తిరిగి.

ఆవిడ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. పాత రాళ్ళ మీద తొగరు రంగు చుక్కలు, చేతికేం తగుల్తాయి? వాగులోంచి నల్లరాళ్ళు ఏరుకొచ్చి, అరగదీసి, ఇసక పోసి, మొనరాయితో చుక్కచుక్కా గుంట పడేదాకా తొలిచింది. వేళ్ళు పుళ్ళు పడిపోయాయి. నేను తొలిచిపెడతానంటే "నీ పని చూసుకో" అంది. నాలుగూ అయ్యాక తెచ్చి ఆయన ముందు పెట్టింది.

బొటనవేలితో తడిమి చూశాడు. చాలాసేపు తడిమాడు. విసిరాడు. చాప మీద తనే వెతుక్కున్నాడు. ఒంటిచుక్క రాయి పైకి పడింది, తక్కిన మూడూ బోర్లా. మళ్ళీ విసిరితే మూడూ మళ్ళీ బోర్లానే. ఆయన తమ్ముడు కేపా వంతు వస్తే ఎనిమిది పడింది.

"ఓడానా?" అన్నాడు పెదనాన్న.

"ఓడావు" అంది పెద్దమ్మ.

నవ్వాడే. కడుపు పట్టుకుని నవ్వాడు. "ఇంకో ఆట వెయ్యి పిలాహీ" అన్నాడు. ఆవిడ రాళ్ళు ఏరుతోంది, తల ఎత్తలేదు. ఏరేవి నాలుగే కదా, ఎంతసేపు ఏరిందో...

సర్లే. పొయ్యి మీద చేపలు తిరగేశావా?