గోళ్లకంటని డాంబరు

వెయ్యిన్ని తొమ్మిదివందల అరవై నాలుగు, ఈస్టరు దాటిన వారం. హనుమకొండ బస్టాండులో, గోదావరి ఒడ్డునున్న మంగపేటకు పోవడానికి ఏటూరునాగారం బస్సు కోసం ఇస్సాకు, అతన్ని సాగనంపడానికి వచ్చిన అక్క సారమ్మ. ఇద్దరి నడుమ ఒక డాంబరు డబ్బా, ఒక నూలు మూట.

“…ఆ డబ్బా జర అటు జరుపు తమ్మీ, చీరెకంటుతది. ఇంకో నాలుగొద్దులు ఉంటే ఏం పోతది నీకు?”

“ఉండరాదక్కా. పడవ నా కోసం చూస్తాంది.”

“చూడనీకి దానికి కండ్లున్నయా?”

“చెక్క పడవ అక్కా. చంటిపిల్ల లెక్క. దినాం నీళ్లు తోడాలె, సందులల్ల నూలు కూరాలె, డాంబరు పుయ్యాలె. ఒక్క వారం ఇడిచిపెడితే అలుగుతది.”

“అలుగుతది! కాజీపేట రైలు షెడ్డుల వడ్రంగి పని, ఇంక పదేండ్ల సర్వీసు ఉండంగ ఇడిచిపెట్టి వస్తివి. సంఘమంత నవ్వింది. ఇస్సాకుకు పిచ్చి లేసింది, పెండ్లాన్ని తీస్కపోయి గోదారిల కాపురం పెడుతాండట అని.”

“నవ్వనియ్యి. లిదియా నవ్వలే గద.”

“లేదు. ఆమె నవ్వలే. ఉప్పు డబ్బా, పప్పు డబ్బా సర్దుకున్నది.”

“ఆరేండ్లక్కా! మంగపేట నుంచి రాజమండ్రి దాకా పోవుడు, గాలి జూసుకొని తెరచాప ఎత్తి మల్ల వచ్చుడు. పొయ్యి పడవల్నే, పక్క పడవల్నే. ఒక్కనాడు ఇల్లు యాదికి రాలే.”

“ఈ చలికాలం గూడ పోయినవా?”

“ఆఁ… పోయిన.”

“రాజమండ్రి దాకా?”

“రాజమండ్రి దాకనే. పొద్దుగాల కొండల నడుమ మంచు దిగుతది సూడు, ఏం చెప్పాలె. నువ్వొకసారి రావాలక్కా.”

“నేనా! నీళ్లంటె నాకు—”

“తెలుసు, తెలుసు. బాప్తిస్మంనాడు చెరువుల దిగుమంటె అయ్యగారి అంగీ చింపినవ్.”

“చింపలే! గట్టిగ పట్టుకున్న. నడుము దాకా దింపిండు, నా పాణం గొంతులకొచ్చె. ఇగ ఈ జన్మల నీళ్లల్ల కాలు పెట్టనని ఆనాడే అనుకున్న. నువ్వు మాట మార్చకు. ఒక్కనివే పోయినవా?”

“ఒక్కన్నే.”

“మరి వంట?”

“ఏదో ఇంత ఉడకేసుకునుడు.”

“తెరచాప ఎవలు పట్టిండ్రు?”

“పోలీసోని లెక్క అడుగుతానవేందక్కా!”

“చెయ్యి ఇటు తే.”

“ఎందుకు?”

“తే అంటాన. ఇగో. ఏటేటా నువ్వొచ్చినప్పుడు ఈ గోర్లల్ల డాంబరు ఉండేది. గ్యాసునూనె పెట్టి తోమినా పొయ్యేది కాదు. లిదియావి గూడ గట్లనే. ఇప్పుడేంది, బడిపంతులు చేతులోలె ఉన్నయి?”

“కడుక్కున్న.”

“కడుక్కున్నవా.”

“ములుగు, ఏటూరునాగారం! జల్ది ఎక్కుండ్రి, ములుగు, ఏటూరునాగారం!”

“కండక్టరు పిలుస్తాండు. పోతానక్కా.”

“కూసో. డ్రైవరు ఇంక చాయ తాగాలె. కర్రల దుకాణం మొగిలయ్య లేడూ, ఆయన క్రిస్మస్ ముంగట మంగపేట పోయి వచ్చిండు.”

“…ఏమన్నడు?”

“నీ పడవ మునిగి ఉన్నదన్నడు. రేవు పక్కన, నీళ్లల్ల. నువ్వేమో ఒడ్డు మీద గుడిసెల పండుకున్నవన్నడు. అప్పటిసంది, నువ్వే చెప్తవని చూస్తాన. చెప్పవైతివి. పోనీ తమ్మీ, పోయిన పడవ పోయింది. సుబేదారిల నాకు రెండు అర్రలున్నయి. ఒక అర్రల నేనుంట, ఇంకో అర్రల దీపం పెట్టేటోళ్లు లేరు. ఉండిపో.”

“మునగలేదక్కా.”

“మొగిలయ్య అబద్ధమాడుతడా?”

“మునగలే. ముంచిన. నేనే ముంచిన.”

“అయ్యో ప్రభువా! చేతులార చేసుకున్న పడవను—”

“జర ఇను! దసరాకు లిదియా కన్నుమూసినంక పడవను ఒడ్డుకు గుంజి పెట్టిన. ఎండకు చెక్క ఎండింది, సందులిచ్చినయి. గసొంటి పడవను రాళ్లేసి, లోతులేని తావుల ముంచి పెడుతరు. చెక్క నాని ఉబ్బుతది, సందులు వాటంతటవే మూసుకుంటయి. మేం ఏటేటా చేసే పనే.”

“గంతేనా? నేనేమో భయపడి చస్తాన. ఎన్నొద్దులు నానాలె?”

“పదొద్దులు చాలు.”

“పదొద్దులా? క్రిస్మస్ పోయింది, ఈస్టరు గూడ పోయింది గద తమ్మీ.”

“ఈ యేడు ఎండలు ముందుగాలనే వచ్చినయి.”

“ఎందుకు లేపలే?”

“లేపుత. తొలకరి లోపట లేపాలె. వరదొస్తే ఆగదు, కొట్టుకపోతది. అందుకే గద ఈ డాంబరు—”

“ఎందుకు లేపలే అని అడుగుతాన.”

“ముంచనీకి ఒక్కడు చాలక్కా. లేపనీకి ఇద్దరు గావాలె. రాళ్లు తీసినంక ఒకలు కొస ఎత్తి పట్టాలె, ఒకలు నీళ్లు తోడాలె.”

“మంగపేటల కూలోళ్లకు కరువా?”

“లేదు. రెండుసార్లు పిలిచిన. వచ్చిండ్రు. పోయి లిదియా నిలబడే కొసకు నిలబడ్డరు.”

“నిలబడితే?”

“వద్దని పంపించిన.”



“ఏమయ్యా, డాంబరు పెద్దమనిషీ! బస్సెక్కుతానవా, పొమ్మంటానవా?”

“వస్తాన, వస్తాన! అక్కా, ఆ నూలు మూట ఇటియ్యి. ఇయ్యక్కా, బస్సు పోతది. ఎందుకు గట్ల పట్టుకున్నవ్?”

“ఉండనియ్యి, నేను మోస్త. ఆ కొసకు నీళ్లు ఎంత లోతుంటయి తమ్మీ? బాప్తిస్మంనాటి కంటె ఎక్కువైతే ఉండయి గద?”